తుపాకి ఉందని ముందే చెప్పాలా? అమెరికా రోడ్లపై తెగని చర్చ

అమెరికాలో పోలీసులు కారు ఆపడం రోజువారీ వ్యవహారం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నడిచే ఓపెన్ పోలీసింగ్ ప్రాజెక్టు లెక్క ప్రకారం, మామూలు రోజున 50 వేల మందికి పైగా, ఏడాదికి 2 కోట్ల మందికి పైగా డ్రైవర్లను అక్కడి పోలీసులు ఆపుతారు. అదే దేశంలో వయోజనుల్లో 32 శాతం మంది తమకు సొంత తుపాకి ఉందని 2023లో ప్యూ రిసెర్చ్ సెంటర్ సర్వేలో చెప్పారు. ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. చట్టప్రకారం లైసెన్సు తీసుకుని హ్యాండ్‌గన్ వెంట ఉంచుకున్న మనిషిని పోలీసు అధికారి ఆపితే, ఆ సంగతి తనంతట తాను చెప్పాలా? అడిగితే చెబితే చాలా? అసలు చెప్పనక్కర్లేదా?

మూడు దశాబ్దాలుగా నలుగుతున్న ఈ ప్రశ్న ఇప్పుడు బాగా చిక్కుపడింది. రాష్ట్రానికో చట్టం ఉంది. లైసెన్సే అక్కర్లేదన్న రాష్ట్రాలు సగం దాటాయి. కోర్టులు ఒకే మాట మీద లేవు. వీటన్నిటికీ తోడు, తుపాకి ఉందని మర్యాదగా చెప్పిన మనిషి ఆ వెంటనే పోలీసు తూటాలకు బలైన ఉదంతం అందరి కళ్లముందూ ఉంది. చర్చ ఎక్కడ మొదలైంది, ఎవరి వాదన ఏమిటి, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నవి ఒకచోట పేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

లైసెన్సుతో పాటు వచ్చిన షరతు

1980లకు ముందు చాలా రాష్ట్రాల్లో దుస్తుల చాటున తుపాకి పెట్టుకుని తిరిగే అనుమతి అధికారి దయమీద ఆధారపడి ఉండేది. 1987లో ఫ్లోరిడా ఆ పద్ధతి మార్చింది. చెప్పిన అర్హతలన్నీ ఉన్నవారికి లైసెన్సు ఇచ్చి తీరాలని చట్టం చేసింది. 1995లో టెక్సాస్, నార్త్ కరోలినా, 2001లో మిషిగన్, 2004లో ఒహాయో అదే బాట పట్టాయి. 2013లో ఇల్లినాయ్ కూడా చేరింది.

ఈ చట్టాలు చాలాచోట్ల బేరసారాల తర్వాతే గట్టెక్కాయి. సామాన్యుడు తుపాకితో తిరగడం పోలీసులకు ప్రమాదం కాదా అన్న అభ్యంతరానికి జవాబుగా కొన్ని షరతులు చేరాయి. శిక్షణ తీసుకోవాలి, నేరచరిత్ర తనిఖీకి ఒప్పుకోవాలి, కొన్ని ప్రదేశాలకు తుపాకి తీసుకెళ్లకూడదు. పోలీసు ఎదురైతే తుపాకి సంగతి తెలియజేయాలన్న షరతును కూడా కొన్ని రాష్ట్రాలు ఆ జాబితాలో పెట్టాయి. అంటే అది లైసెన్సుకు కట్టిన షరతు. లైసెన్సు కావాలనుకున్నవాడు దానికీ ఒప్పుకున్నట్టే.

రెండో దశలో ఆ ముడి సడలింది. వెర్మాంట్ ఎప్పుడూ లైసెన్సు అడగలేదు. 2003లో అలాస్కా, 2010లో ఆరిజోనా అనుమతి లేకుండానే తుపాకి పెట్టుకోవచ్చన్నాయి. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా మరెన్నో రాష్ట్రాలు అదే చట్టం చేశాయి. 2024 మార్చిలో సౌత్ కరోలినా చేరేసరికి వాటి సంఖ్య 29కి చేరింది. ఈ మధ్యలోనే 2022 జూన్ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చింది. తుపాకి వెంట ఉంచుకోవడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ నిబంధనను కొట్టేసింది. లైసెన్సు లేనివాళ్లు కూడా చట్టబద్ధంగానే తుపాకి పెట్టుకుంటున్నప్పుడు, లైసెన్సుకు కట్టిన షరతు ఎవరికి వర్తిస్తుంది? నేటి గందరగోళంలో సగం ఇక్కడే పుట్టింది.

మూడు దారులు, అనేక సందులు

రాష్ట్రాల చట్టాలను స్థూలంగా మూడు గుంపులుగా చూడవచ్చు.

మొదటిది, అడగకముందే చెప్పాలనే గుంపు. మిషిగన్, నార్త్ కరోలినా, నెబ్రాస్కా, అలాస్కా ఇందులో ఉన్నాయి. మిషిగన్‌లో లైసెన్సుదారు తుపాకి ఒంటిమీద ఉన్నా, కారులో ఉన్నా పోలీసు ఆపిన వెంటనే చెప్పాలి. నార్త్ కరోలినా చట్టం మరింత వివరంగా ఉంటుంది. అధికారి దగ్గరకు వచ్చినా, పలకరించినా తనకు చెల్లుబాటయ్యే పర్మిట్ ఉందనీ, చాటుగా హ్యాండ్‌గన్ ఉందనీ రెండు సంగతులూ తెలపాలి.

రెండోది, అడిగితే నిజం చెప్పాలనే గుంపు. ఇల్లినాయ్, ఆరిజోనా, మిన్నెసోటా ఈ కోవలోవి. 2022 జూన్ 13 నుంచి ఒహాయో కూడా ఇటు వచ్చింది. ఇక్కడ మౌనం నేరం కాదు గానీ, అడిగినప్పుడు అబద్ధమాడితే చిక్కే.

మూడోది, చెప్పి తీరాలన్న నిబంధన లేని గుంపు. ఇండియానా, వెర్మాంట్ ఇలాంటివి. పెన్సిల్వేనియా, ఫ్లోరిడా కూడా ముందుగా చెప్పమనవు. అధికారి అడిగినప్పుడు తగిన కాగితం చూపాలంటాయి.

అనుమతి అక్కర్లేదన్న రాష్ట్రాలు ఈ షరతును ఏం చేశాయో చూస్తే ఒకదానికొకటి పొసగని జవాబులు కనిపిస్తాయి. టెక్సాస్‌లో గుర్తింపు కార్డు అడిగినప్పుడు లైసెన్సుదారు తుపాకి లైసెన్సు కూడా చూపాలి. చూపకపోతే వేసే శిక్షను 2009లోనే తీసేశారు. 2021 సెప్టెంబరు నుంచి లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకుంటున్నవారికి ఆ బాధ్యత లేదు. శిక్షణ పొంది, తనిఖీకి ఒప్పుకుని లైసెన్సు తీసుకున్నవాడికి ఉన్న విధి, ఏదీ తీసుకోనివాడికి లేదన్నమాట. మెయిన్ రాష్ట్రం దీన్ని తిరగేసింది. 2015 నుంచి అక్కడ లైసెన్సు లేనివాడే వెంటనే చెప్పాలి. లైసెన్సుదారుకు ఆ బాధ్యత లేదు. 2023లో అనుమతి నిబంధన సడలించిన నెబ్రాస్కా అందరూ చెప్పాల్సిందేనంది. మూడు రాష్ట్రాలకూ మూడు తర్కాలున్నాయి. మూడింటిలోనూ పోలీసు అధికారి మాత్రం ఒకే కిటికీ పక్కన నిలబడతాడు.

దీని ఫలితం రోడ్డుమీద తెలుస్తుంది. డెట్రాయిట్ నుంచి ఇంటర్‌స్టేట్ 75 మీద దక్షిణానికి బయల్దేరిన లైసెన్సుదారు మిషిగన్‌లో ఉన్నంతసేపూ ఆపిన వెంటనే చెప్పాలి. గంట ప్రయాణం తర్వాత టొలీడో దగ్గర ఒహాయోలో అడుగుపెడితే అడిగితేనే చెప్పాలి. అక్కడి నుంచి పడమటికి తిరిగి ఇండియానా చేరితే చెప్పాలన్న నిబంధనే ఉండదు. ఎదురు దిశలో ప్రయాణం ఇంకా ప్రమాదకరం. ఒహాయోలో లైసెన్సు లేకుండా నిక్షేపంగా తుపాకి పెట్టుకు తిరిగిన మనిషి అలాగే మిషిగన్‌లోకి వస్తే నేరస్తుడవుతాడు. ఒక రాష్ట్రం లైసెన్సును అన్ని రాష్ట్రాలూ గుర్తించాలన్న బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో 231–198 ఓట్లతో నెగ్గినా సెనేట్ దాటలేదు.

ముందే చెప్పాలనేవారి వాదన

ఈ పక్షానికి పోలీసు సంఘాలు గట్టి అండ. వారి వాదనకు కేంద్రం ఆకస్మికత. కారు ఆపిన అధికారికి లోపల ఎవరున్నారో, ఒడిలో ఏముందో తెలియదు. డ్రైవరు కాగితాల కోసం గ్లవ్ బాక్స్ తెరిచినప్పుడు తుపాకి ఉన్నట్టుండి కంటపడితే అధికారి ఏం చేస్తాడో ఎవరూ చెప్పలేరు. అదే ముందుగా తెలిస్తే, చేతులు ఎక్కడ ఉంచాలో, కాగితాలు ఎలా తీయాలో నెమ్మదిగా చెప్పగలడు. నేరచరిత్ర లేదని నిరూపించుకుని లైసెన్సు తెచ్చుకున్న మనిషికి దాచాల్సిన అవసరం ఏముందని కూడా వారు అడుగుతారు.

రాజ్యాంగం దృష్ట్యా కూడా ఈ వాదనకు ఆధారాలున్నాయి. 1971లో కాలిఫోర్నియా వర్సెస్ బైయర్స్ కేసులో, ప్రమాదం జరిగితే ఆగి పేరూ చిరునామా చెప్పాలన్న చట్టాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2004లో హీబెల్ కేసులో, న్యాయమైన అనుమానంతో ఆపినప్పుడు పేరు చెప్పాలన్న నెవాడా చట్టాన్ని సమర్థించింది. పౌరుడు పోలీసుకు కొంత సమాచారం ఇవ్వాలనడం దానంతటదే రాజ్యాంగ విరుద్ధం కాదని ఈ తీర్పులు చెబుతున్నాయి. ఇక అధికారి భద్రత విషయంలో కోర్టు మొదటి నుంచీ ఉదారంగానే ఉంది. 1977 నాటి మిమ్స్ కేసులో ఫిలడెల్ఫియా పోలీసులు నంబరు ప్లేటు గడువు తీరిన కారును ఆపి డ్రైవరును దిగమన్నారు. దిగగానే అతని కోటు కింద ఉబ్బెత్తుగా కనిపించింది. తడిమితే రివాల్వర్ దొరికింది. డ్రైవరును కిందికి దిగమనే అధికారం పోలీసులకు ఉందని కోర్టు తేల్చింది.

ఈ వాదనకు ఎదురయ్యే ప్రశ్న ప్రమాదం పరిమాణం గురించి. ఫ్లోరిడాలోని 200కు పైగా పోలీసు విభాగాల పదేళ్ల రికార్డులను న్యాయశాస్త్ర పరిశోధకుడు జోర్డన్ బ్లెయిర్ వుడ్స్ పరిశీలించి 2019లో మిషిగన్ లా రివ్యూలో ప్రచురించారు. మామూలు ట్రాఫిక్ తనిఖీల్లో అధికారి హత్యకు గురయ్యే అవకాశం 65 లక్షల్లో ఒకటని ఆయన అంచనా. తీవ్ర గాయానికి దారితీసే దాడి 3,61,111 తనిఖీల్లో ఒకటి. శిక్షణలో పదే పదే చూపించే వీడియోలు కలిగించే భయానికీ ఈ అంకెలకూ మధ్య చాలా దూరం ఉంది. అయితే 65 లక్షల్లో ఆ ఒక్కటి ఏదో ముందుగా తెలియదు కదా అన్నది పోలీసుల జవాబు. ఆ జవాబును కొట్టిపారేయలేం.

చెప్పనక్కర్లేదనేవారి వాదన

రెండో పక్షంలో తుపాకి హక్కుల సంఘాలూ, పౌరహక్కుల న్యాయవాదులూ ఒకే వరుసలో కనిపిస్తారు. వేరే చాలా విషయాల్లో ఈ రెండు వర్గాలకూ పడదు.

వారి మొదటి వాదన చట్టం ఎవరికి తగులుతుందన్నది. తుపాకి పెట్టుకునే అర్హత లేని నేరస్తుడు తన నేరాన్ని తానే చెప్పాలని ప్రభుత్వం బలవంతపెట్టలేదు. 1968లో హేన్స్ కేసులో, అక్రమ ఆయుధం ఉన్నవాడు దాన్ని రిజిస్టరు చేయించుకోలేదని శిక్షించడం రాజ్యాంగం ఐదో సవరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ముందే చెప్పాలన్న విధి చివరికి చట్టాన్ని గౌరవించే లైసెన్సుదారు మీదే పడుతుంది. పోలీసుకు నిజంగా ప్రమాదమైనవాడు అసలు నోరు విప్పడు.

రెండోది, చెప్పడం వల్ల పరిస్థితి మారిపోతుందన్నది. సీటు బెల్టు కోసం ఆపిన వ్యవహారం తుపాకి అన్న మాట వినగానే మరో మలుపు తీసుకుంటుంది. దిగమంటారు, తుపాకి తీసుకుంటారు, తూటాలు బయటికి తీస్తారు. టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో భద్రత కోసం తుపాకిని తాత్కాలికంగా తీసుకుని, పంపేసేముందు తిరిగి ఇచ్చే అధికారం పోలీసులకు చట్టంలోనే ఉంది. రోడ్డు పక్కన చీకట్లో, తనకు అలవాటులేని రకం పిస్తోలును అధికారి నడుముపట్టీలోంచి లాగడం కంటే, అది ఉన్నచోటే ఉండనివ్వడం ఇద్దరికీ క్షేమమని శిక్షకులు చాలామంది అంటారు.

మూడోది శిక్షల సంగతి. మిషిగన్‌లో మొదటిసారి చెప్పడం మరిచినా 500 డాలర్ల జరిమానా, ఆరు నెలలు లైసెన్సు నిలిపివేత. 2022కు ముందు ఒహాయోలో అది ఆరు నెలల వరకూ జైలు పడగల నేరం. ఎవరికీ హాని తలపెట్టని మనిషి, కంగారులో ఒక వాక్యం ఆలస్యమైనందుకు ఇంత మూల్యమా అన్నది వారి ప్రశ్న.

మధ్యేమార్గం: ఒహాయో పాఠం

అడిగితే చెప్పాలనే మధ్యేమార్గం ఈ రెండు వాదనలనూ కలపజూస్తుంది. దీనికి ఒహాయో మంచి ఉదాహరణ. పాత చట్టం ‘వెంటనే’ చెప్పమనేది. ఎంత లోపల చెబితే వెంటనే చెప్పినట్టో నిర్వచించలేదు.

2011 జూన్‌లో కాంటన్ నగరంలో జరిగిన ఒక తనిఖీ ఆ లోపాన్ని బయటపెట్టింది. ఇద్దరు అధికారులు కారు దగ్గరకు వచ్చారు. లైసెన్సుదారైన డ్రైవరు స్టీరింగ్ ముందు కూర్చుని చెప్పబోయాడు. వాళ్లు మిగతావారిని ప్రశ్నిస్తూ, వెనక సీటు వెతుకుతూ అతన్ని నోరు మూయమన్నారు. నిమిషాలు గడిచాక అతని మాట చెవినబడింది. అప్పుడు ఒక అధికారి అక్కడికక్కడే చంపి ఉండాల్సిందంటూ అరిచాడు. పైగా వెంటనే చెప్పలేదని డ్రైవరు మీద కేసు పెట్టారు. ఇదంతా పోలీసు కారులోని కెమెరాలో రికార్డయి దేశమంతా చూసింది.

2022లో ఒహాయో చట్టసభ అనుమతి నిబంధనను సడలిస్తూ ఈ షరతును కూడా మార్చింది. రాష్ట్ర పోలీసు సంఘం వ్యతిరేకించింది. తుపాకి హక్కుల సంఘమైన బక్‌ఐ ఫైర్‌ఆర్మ్స్ అసోసియేషన్ సమర్థించింది. గవర్నర్ మైక్ డివైన్ సంతకం చేశారు. ఇప్పుడు అడిగే భారం అధికారిది, నిజం చెప్పే భారం డ్రైవరుది. బాధ్యత ఇద్దరికీ పంచడం ఈ పద్ధతి బలం. అధికారి అడగడం మరిచిపోతే మళ్లీ మొదటికే రావడం దీని బలహీనత. ఒకప్పుడు డ్రైవరు వివరాలు కంప్యూటర్లో చూడగానే తుపాకి లైసెన్సు ఉందో లేదో ఒహాయో పోలీసులకు తెలిసేది. లైసెన్సే అక్కర్లేనప్పుడు ఆ కంప్యూటర్ కూడా పూర్తి సంగతి చెప్పలేదు.

ఫాల్కన్ హైట్స్ ఉదంతం

2016 జూలై 6న మిన్నెసోటాలోని ఫాల్కన్ హైట్స్‌లో జరిగిన ఘటన ఈ చర్చ మొత్తాన్నీ మార్చేసింది. సెయింట్ పాల్‌లో ఒక పాఠశాల భోజనశాల పర్యవేక్షకుడైన 32 ఏళ్ల నల్లజాతి యువకుడు ఫిలాండో కాస్టిల్‌ను బ్రేక్ లైటు వెలగడం లేదంటూ అధికారి జెరోనిమో యానెజ్ ఆపాడు. ఒక దోపిడీ అనుమానితుడి పోలికలున్నాయని కూడా అతను అనుకున్నాడు. కారులో కాస్టిల్ స్నేహితురాలూ, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ల కూతురూ ఉన్నారు. మిన్నెసోటా అడిగితేనే చెప్పమనే రాష్ట్రం. కాస్టిల్ దగ్గర పర్మిట్ ఉంది. అధికారి తుపాకి గురించి అడగలేదు. అయినా కాస్టిల్ తనంతట తానే చెప్పాడు.

అక్కడ జరిగిన క్రమం దగ్గరగా చూడాలి. లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు ఇమ్మని అధికారి అడిగాడు. కాస్టిల్ ఇన్సూరెన్సు కార్డు ఇచ్చాడు. తర్వాత, అయ్యా, నా దగ్గర తుపాకి ఉందని మీకు చెప్పాలి అన్నాడు. సరే, అయితే దానికోసం చెయ్యి పెట్టొద్దు అన్నాడు అధికారి. తీయడం లేదన్నాడు కాస్టిల్. తీయడం లేదని పక్కనున్న ఆమె కూడా అంది. తీయొద్దని అధికారి మళ్లీ అరిచాడు. కొన్ని సెకన్లలోనే ఏడు తూటాలు పేల్చాడు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశాడన్న (మ్యాన్‌స్లాటర్) నేరారోపణపై విచారించిన జూరీ 2017 జూన్ 16న అతన్ని నిర్దోషి అంది.

ఆ నాలుగు మాటల్లో రెండు ఆదేశాలు ఢీకొన్నాయి. లైసెన్సు ఇవ్వమన్న ఆదేశాన్ని అధికారి వెనక్కి తీసుకోలేదు. చెయ్యి పెట్టొద్దన్న ఆదేశం దానిమీద వచ్చిపడింది. చెయ్యి ఎక్కడ పెట్టకూడదో చెప్పాడు గానీ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. తుపాకి ఎక్కడుందని అడగలేదు, పర్మిట్ ఉందా అని అడగలేదు. కాస్టిల్ చెప్పిన వాక్యంలో తుపాకి ఉంది, పర్మిట్ లేదు. నార్త్ కరోలినా చట్టం ఆ రెండూ కలిపి చెప్పమనడం వెనక విలువ ఇక్కడ తెలుస్తుంది. అయితే వాక్యం ఎలా కూర్చాలో తెలియకపోవడం ప్రాణం పోయేంత తప్పు కాకూడదు.

ఆ తర్వాత శిక్షకుల సలహాల్లో స్పష్టత పెరిగింది. ఇంజిను ఆపాలి, రాత్రయితే లోపలి లైటు వేయాలి, కిటికీ దించి రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా ఉంచాలి. కారు కాగితాలు తుపాకి ఉన్నచోట పెట్టుకోకూడదు. నా దగ్గర క్యారీ పర్మిట్ ఉంది, తుపాకి నా నడుముకు కుడివైపు ఉంది, నన్నేం చేయమంటారు అని అడిగి, అధికారి చెప్పేదాకా కదలకూడదు. మిన్నెసోటా డ్రైవర్ల మాన్యువల్లో కూడా ఇలాంటి సూచనలు చేరాయి. టెక్సాస్ 2017లో చేసిన చట్టంతో, పోలీసులు ఆపినప్పుడు ఎలా మెలగాలో హైస్కూలు విద్యార్థులకు నేర్పుతున్నారు.

వర్ణం అడ్డువచ్చే చోట

ఈ సలహాలన్నీ అందరికీ ఒకేలా పనిచేస్తాయా అన్నది నల్లజాతి తుపాకిదారులు అడిగే ప్రశ్న. ఓపెన్ పోలీసింగ్ ప్రాజెక్టు దాదాపు 9.5 కోట్ల తనిఖీలను విశ్లేషించి 2020లో ఫలితాలు ప్రకటించింది. చీకటి పడి డ్రైవరు రంగు కనిపించనప్పుడు ఆపబడినవారిలో నల్లజాతీయుల వాటా తగ్గుతోందని తేలింది. అట్లాంటాలో 2015లో మొదలైన నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ గన్ అసోసియేషన్ వంటి సంస్థల సభ్యుల ముందు రెండు దారులున్నాయి. చెబితే ముప్పులా కనిపించవచ్చు, చెప్పకపోతే దాచినట్టు కనిపించవచ్చు. ఒకే చట్టం ఒకరికి మర్యాద సూత్రంగా, మరొకరికి ప్రాణాపాయ పరీక్షగా మారుతున్నప్పుడు చట్టం సమానంగా ఉందనలేం. ముందే చెప్పాలనేవారు ఈ ప్రశ్నకు ఇప్పటికీ తగిన జవాబు ఇవ్వలేదు. చెప్పనక్కర్లేదనే తుపాకి సంఘాలు కూడా దీన్ని తమ ప్రధాన వాదనగా ఎత్తుకున్నది తక్కువే.

కోర్టుల్లో కుదరని లెక్క

తుపాకి ఉందని తెలిశాక పోలీసు ఎంతవరకు వెళ్లవచ్చన్నది కోర్టుల ముందున్న అసలు ప్రశ్న. 1968 నాటి టెర్రీ తీర్పు ప్రకారం, మనిషి దగ్గర ఆయుధం ఉందనీ అతను ప్రమాదకారి అనీ సహేతుకంగా అనుమానించగలిగితే తడిమి చూడవచ్చు. 1983 నాటి మిషిగన్ వర్సెస్ లాంగ్ తీర్పు దాన్ని కారు లోపలికీ విస్తరించింది. ఆయుధం ఉంటే ప్రమాదకారి అయినట్టేనా అన్నదగ్గర దారులు చీలాయి.

2017లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం రాబిన్సన్ కేసులో అవునంది. వెస్ట్ వర్జీనియాలో సీటు బెల్టు పెట్టుకోలేదని ఆపిన కారులోని ప్రయాణికుడి దగ్గర తుపాకి ఉందన్న సమాచారం ఉంటే, అతనికి పర్మిట్ ఉన్నా లేకపోయినా తడమవచ్చని తీర్పు ఇచ్చింది. తుపాకి పెట్టుకునే హక్కు వాడుకున్నందుకు మరో హక్కు వదులుకోవాలా అని అసమ్మతి తీర్పు నిలదీసింది. 2019లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు హిక్స్ కేసులో, లైసెన్సుతో ఎవరైనా పెట్టుకోదగిన తుపాకి కనబడినంత మాత్రాన మనిషిని నిర్బంధించే అనుమానం పుట్టదని చెప్పింది.

అన్నిటికంటే ఈ చర్చకు దగ్గరైనది కనెటికట్‌లోని వాటర్‌బరీ కేసు. 2018 నవంబరులో రోడ్డు పక్కన కారు ఆపుకున్న ఒక డ్రైవరు, అధికారి అడగగానే డ్రైవింగ్ లైసెన్సుతో పాటు తుపాకి పర్మిట్ కూడా అందించి, పిస్తోలు తలుపు అరలో ఉందని చెప్పాడు. అధికారి అతన్ని బయటికి లాగి సంకెళ్లు వేశాడు. పోలీసు కారు వెనక కూర్చోబెట్టి, కారు లోపలా డిక్కీలోనూ వెతికాడు. పర్మిట్ చూపి తుపాకి ఉందని చెప్పడం అరెస్టుకు తగిన కారణం కాదనీ, ఆ అధికారికి చట్టపరమైన రక్షణ దొరకదనీ 2024 ఆగస్టులో సెకండ్ సర్క్యూట్ కోర్టు తేల్చింది. చెప్పినవాడికి శిక్ష పడకూడదన్న సూత్రాన్ని ఇంత సూటిగా పలికిన తీర్పులు తక్కువ.

రాబిన్సన్ కేసులో ప్రశ్న తడమడం గురించి, వాటర్‌బరీలో సంకెళ్ల గురించీ, కారు వెతకడం గురించీ. కాబట్టి రెండూ నేరుగా ఢీకొనలేదు. కానీ చట్టబద్ధమైన తుపాకిని చూసే దృష్టిలో వాటి మధ్య దూరం స్పష్టం. సుప్రీంకోర్టు ఇంకా ఆ దూరాన్ని పూడ్చలేదు.

తెలుగువారు గమనించాల్సింది

టెక్సాస్, నార్త్ కరోలినా, మిషిగన్, న్యూజెర్సీల్లో వేల తెలుగు కుటుంబాలున్నాయి. వారికి ఈ ప్రశ్నకంటే ముందు మరో ప్రశ్న ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రాష్ట్రం లైసెన్సు అక్కర్లేదన్నా ఈ నిషేధం తొలగదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకి కొనవచ్చు. అయితే తుపాకి నేరంలో శిక్ష పడితే వారిని కూడా దేశం నుంచి పంపేయవచ్చు. అందుకే మిత్రుడి కారు అరువు తీసుకునేటప్పుడు గ్లవ్ బాక్స్‌లో ఏముందో అడగడం వీసాదారుకు అవసరమైన జాగ్రత్త.

మన దేశంలో ఈ చర్చ పుట్టకపోవడానికి కారణం 1959 ఆయుధాల చట్టం. లైసెన్సు దొరకడమే అరుదు. ఆయుధం వెంట ఉన్నవారిని లైసెన్సు చూపమని అడిగే అధికారం సెక్షన్ 19 పోలీసులకు ఇస్తుంది. అంటే మన చట్టం కూడా అడిగితే చూపాలన్నదే.

తేలినవి, తేలనివి

ఇంత చర్చలో కొన్ని విషయాలు స్థిరపడ్డాయి. లైసెన్సుదారు తాను ఉన్న రాష్ట్రం చట్టం తెలుసుకోవాలి, ఎందుకంటే తెలియదన్న సాకు చెల్లదు. ఏ రాష్ట్రంలోనైనా అధికారి అడిగితే అబద్ధమాడకూడదు. చెప్పదలిస్తే చేతులు కదపకముందే, పర్మిట్ సంగతితో కలిపి చెప్పాలి. పౌరుణ్ని కొంత సమాచారం అడిగే అధికారం ప్రభుత్వానికి ఉందన్నది కూడా న్యాయపరంగా తేలినట్టే.

మూడు విషయాలు మాత్రం తేలలేదు. ముందే చెప్పించే చట్టం నిజంగా ప్రాణాలు కాపాడుతోందా అన్నది మొదటిది. ఎఫ్‌బీఐ 2019లో మొదలుపెట్టిన బలప్రయోగ వివరాల సేకరణలో చేరడం పోలీసు విభాగాల ఇష్టం కావడంతో, రాష్ట్రాలను పోల్చి చూసే గట్టి లెక్క దాన్నుంచి రాదు. చట్టబద్ధమైన తుపాకిని ప్రమాద సూచనగా చూడవచ్చా అన్నది రెండోది. అనుమతి అక్కర్లేని రాష్ట్రాల్లో ఈ విధి ఎవరిది అన్నది మూడోది.

ఈ మూడింటి వెనక మరో లోపం ఉంది, దానిపై చర్చ ఇంకా సరిగా మొదలుకాలేదు. చట్టాలన్నీ డ్రైవరు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, చెప్పకపోతే ఎంత జరిమానానో రాశాయి. విన్న అధికారి ఏం అనాలో రాసింది చాలా తక్కువ. టెక్సాస్ తుపాకి తీసుకుంటే తిరిగివ్వాలంది. సెకండ్ సర్క్యూట్ సంకెళ్లు వేయకూడదంది. అంతకుమించి ఆ క్షణం అధికారి విచక్షణకే వదిలేశారు. కాంటన్‌లో వినడానికి నిరాకరించారు. ఫాల్కన్ హైట్స్‌లో విన్నాక సరైన ఆదేశం ఇవ్వలేదు. వాటర్‌బరీలో చెప్పినందుకే శిక్షించారు. మూడు చోట్లా పౌరుడు తన వంతు చేశాడు, లేదా చేయబోయాడు.

కాబట్టి ముందే చెప్పమనే చట్టం ఉంచాలనుకునే రాష్ట్రం దానికి రెండో సగం కూడా రాయాలి. తుపాకి సంగతి వినగానే అధికారి అంతకుముందు అడిగిన కాగితాల ఆదేశాన్ని ఆపాలి. చేతులు ఎక్కడ ఉంచాలో చెప్పాలి. తుపాకి ఎక్కడుందో అడగాలి. పర్మిట్ చూపిన మనిషిని చెప్పాడన్న ఒక్క కారణంతో నిర్బంధించకూడదు. ఈ నాలుగు వాక్యాలు శిక్షణలో భాగం కావాలి, తప్పితే జవాబుదారీ ఉండాలి. అది చేయలేని రాష్ట్రం చెప్పనివాడిని శిక్షించే నైతిక హక్కు వదులుకోవాలి. చెప్పడం విధి అయితే, చెప్పినవాడిని క్షేమంగా ఇంటికి పంపడం కూడా విధే.